కొండ దారిలో ఘాటు దిగవలసిన వారికి ఏ పికప్ తగును

మీరు అడిగినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీది ఒడిశా కొరాపుట్ జిల్లాలోని సెమిలిగుడ. నాన్నగారి పాత బండిని తీసివేసి కొత్త డీజిల్ పికప్ కొనదలిచారు. వారానికి రెండు సార్లు, అందులో ఒకసారి శుక్రవారం కుందులి సంత సరుకుతో, క్యాబేజీ, అల్లం, టమాటా వేసుకుని పొట్టంగి, సుంకి మీదుగా ఆంధ్రలోని సాలూరుకు, ఒక్కొక్కసారి విజయనగరానికి దిగుతారు. తిరిగి వచ్చేటప్పుడు సిమెంటు, నూనె డబ్బాలు, మైదా బస్తాలు మీ దుకాణానికి తెచ్చుకుంటారు. తక్కిన రోజుల్లో నందపురం, పొట్టంగి వైపు పల్లెలకు బండిని కిరాయికి తిప్పుతారు. మహీంద్రా బొలేరో మాక్స్ పికప్ హెచ్‌డీ, టాటా యోధా 2.0, ఇసుజు డీ-మాక్స్, ఈ మూడింటిలో దేని ఇంజను బలమైనదో చెప్పమన్నారు. రెండు టన్నుల బండిలో మూడు టన్నులు వేయవచ్చునా, ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమా, ఎల్ఎంవీ (తేలిక వాహనాల) లైసెన్సుతో నాన్నగారు నడపవచ్చునా అని కూడా అడిగారు.

నేను జయపురం వాడిని. ఈ దారిలో మొదట డ్రైవరుగా, తరువాత యజమానిగా ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. ఇప్పుడు నావి మూడు బండ్లు తిరుగుతున్నాయి. ఇంజను బలం గురించిన మీ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పగలను కానీ, ఆ జవాబు పట్టుకుని మీరు షోరూముకు వెళితే తప్పు బండి కొనే ప్రమాదం ఉన్నది. మన దారిలో బండి విలువ తెలిసేది ఎక్కేటప్పుడు కాదు, నిండు బరువుతో దిగేటప్పుడు. కనుక ఏ బండి ఎంత బరువును అదుపులో ఉంచుకుని సుంకి ఘాటు దిగగలదు, ఆ బరువు చట్టం ఒప్పుకున్న బరువేనా అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టవలసి ఉంటుంది.

ముందుగా ఎక్కే సంగతి తేల్చివేద్దాము. రెండు టన్నుల సరుకు వేసిన పికప్ మొత్తం బరువు మూడున్నర టన్నుల పైచిలుకు ఉంటుంది. నూరు మీటర్లకు ఎనిమిది మీటర్లు లేచే నిటారు మలుపులో అటువంటి బండిని గంటకు 30 కిలోమీటర్ల వేగంతో లాగడానికి, టైర్ల రాపిడితో కలుపుకుని, చక్రాల దగ్గర కావలసినది సుమారు 35 హార్స్‌పవర్ మాత్రమే. మీరు చెప్పిన మూడు బండ్లలో అతి తక్కువ శక్తి గలది కూడా 78 హార్స్‌పవర్ ఇంజనే. అంటే మూడూ ఎక్కుతాయి. తేడా ఎక్కడ వస్తుందంటే, ముందు పోతున్న లారీ మలుపులో ఆగిపోయినప్పుడు, మీరు కూడా ఆగి అదే ఎత్తులో మళ్లీ కదలవలసి వచ్చినప్పుడు. ఇంజను నిదానంగా తిరుగుతున్నప్పుడే టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, దండిగా ఇచ్చే బండి క్లచ్‌ను ఎక్కువసేపు జార్చకుండానే కదులుతుంది. ఇవ్వలేని బండిని డ్రైవరు యాక్సిలరేటరు తొక్కి పట్టి, సగం క్లచ్ మీద నిలబెట్టి, కాలిన వాసన వచ్చాక గాని ముందుకు కదిలించలేడు. కాబట్టి ఎక్కే విషయంలో హార్స్‌పవర్ అంకెను పక్కన పెట్టి, ఎంత టార్క్, ఎన్ని చుట్ల దగ్గర అన్నది మాత్రం చూడండి. ఈ ఒక్క లెక్కలో యోధాది పైచేయి, దాని 2.2 లీటర్ల ఇంజను 250 న్యూటన్ మీటర్ల టార్క్‌ను నిమిషానికి వెయ్యి చుట్ల నుంచే ఇస్తుంది. బొలేరో హెచ్‌డీ 220, డీ-మాక్స్ సరుకు బండి 176.

ఇక దిగే సంగతి. సెమిలిగుడ, కొరాపుట్ ప్రాంతం సముద్రమట్టానికి 870, 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. సాలూరు సుమారు 120 మీటర్ల ఎత్తున. మధ్యలో ఏడు వందల యాభై మీటర్లకు తక్కువ కాకుండా దిగాలి. మూడున్నర టన్నుల బండి అంత ఎత్తు నుంచి దిగేసరికి ఆ దిగుడు శక్తి అంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారి తీరాలి. ఎంత వేడి అంటే, 85 లీటర్ల చన్నీళ్లను మరిగే స్థితికి తేగలిగినంత. ఆ శక్తిలో కొంత గాలి అడ్డు, టైర్ల రాపిడి తీసుకుంటాయి. మిగిలినదాన్ని ఇంజను పట్టి ఉంచాలి, లేదా నాలుగు చక్రాల బ్రేకులు మింగాలి. డ్రైవరు డీజిలు కలిసి వస్తుందని న్యూట్రల్‌లో వదిలేస్తే ఇంజను వాటా పూర్తిగా సున్నా అయి, అంతా బ్రేకుల నెత్తిన పడుతుంది. నిజానికి గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసినప్పుడు ఇప్పటి ఇంజన్లు డీజిలు చిమ్మడమే ఆపివేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆగిపోకుండా ఉండేందుకు కొంత తాగుతూనే ఉంటాయి. కాబట్టి న్యూట్రల్ వల్ల మిగిలేది ఏమీ లేదు, పైగా పోయేదే ఉన్నది.

నాకు ఈ పాఠం ఉచితంగా రాలేదు. చాలా ఏళ్ల కిందట టమాటా లోడుతో నా బండిని ఒక కుర్ర డ్రైవరు న్యూట్రల్‌లో దించాడు. సుంకి దాటాక రెండో పెద్ద మలుపు దగ్గర పెడలు మెత్తగా లోపలికి పోయింది, వెనుక చక్రాల నుంచి పొగ లేచింది. కుర్రవాడు తెలివిగా కొండ వైపు కాలువలోకి బండిని దింపి ఆపాడు కాబట్టి ప్రాణం దక్కింది. టమాటా మాత్రం రోడ్డు పొడవునా ఆరబోసినట్టయింది. తరువాత విప్పి చూస్తే బ్రేకు షూలు గాజులాగా నున్నబడి ఉన్నాయి, బ్రేక్ ఆయిల్ నల్లబడి ఉంది. ఆ ఆయిల్ బండి కొన్నప్పటిదే. తప్పు బండిది కాదు, నాది.

ఆ ఆయిల్ సంగతి ఇక్కడే చెప్పివేస్తాను, ఎందుకంటే ఎవరూ చెప్పరు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన కొండ వానల్లో ఇంకా త్వరగా. కొత్తగా పోసిన డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన తరువాత అదే ఆయిల్ 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 4 అయితే ఆ అంకెలు 230, 155. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు చేరితే పెడలు ఎంత తొక్కినా బుడగలు నొక్కుకుపోవడమే తప్ప చక్రం ఆగదు. మీరు ఏ కంపెనీ బండి కొన్నా కంపెనీ చెప్పిన రకం ఆయిల్‌ను రెండేళ్లకొకసారి పూర్తిగా మార్పించండి. అయిదారు వందల రూపాయల పని.

ఇంజను పట్టి ఉంచే శక్తికి వస్తే, మిగతావన్నీ ఒకేలా ఉన్నప్పుడు ఎక్కువ లీటర్ల ఇంజను ఎక్కువ పట్టి ఉంచుతుంది. బొలేరో హెచ్‌డీ ఇంజను 2,523 సీసీ, డీ-మాక్స్‌ది 2,499, యోధాది 2,179. ఈ మూడింటి మధ్య తేడా మరీ పెద్దది కాదు. కానీ మీకు ఎవరో సూచించిన టాటా ఇంట్రా వీ50, అశోక్ లేలాండ్ బడా దోస్త్ వంటి బండ్లలో ఉన్నది లీటరున్నర ఇంజను. అవి చెడ్డ బండ్లు కావు. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం చదును నేల మీద నేనైతే వాటినే కొంటాను. సుంకి ఘాటులో లీటరున్నర ఇంజనుతో దిగాలంటే ఇంకొక గేరు కిందికి వేసుకుని, ఇంకా నిదానంగా, బ్రేకును ఇంకా ఎక్కువసార్లు వాడుతూ దిగాలి. అంత ఓపిక గల డ్రైవరు రోజూ దొరకడు.

చట్టం ఒప్పుకున్న బరువు గురించి కొంచెం విస్తరంగా చెప్పాలి, ఎందుకంటే రాష్ట్రం సరిహద్దు మీద బతికే మనకు ఇంజను కంటే ఇదే ఎక్కువ డబ్బు మిగిల్చేది, లేదా పోగొట్టేది. ఆర్‌సీలో రెండు అంకెలు ఉంటాయి: ఖాళీ బండి బరువు, మొత్తం బరువు. మొత్తం బరువు అంటే బండి, సరుకు, డ్రైవరు, తాళ్లు, టార్పాలు అన్నీ కలిసి. షోరూము వారు చెప్పే రెండు టన్నులు ఖాళీ బండికి అదనంగా ఏమీ బిగించనప్పటి మాట. మీరు కూరగాయలకని ఎత్తైన ఇనుప పంజరం కట్టించుకుంటే దాని బరువు నూటయాభై కిలోలయితే, మీ సరుకులో నుంచి నూటయాభై కిలోలు అక్కడే పోయినట్టు.

మోటారు వాహనాల చట్టంలోని 66వ సెక్షను ప్రకారం మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కరలేదు. అందుకే కొన్ని పికప్‌ల మొత్తం బరువు మూడు వేలకు కొద్దిగా లోపలే ఆగేటట్టు తయారుచేస్తారు, డీ-మాక్స్‌లో 1.2 టన్నుల సరుకు మోసే మామూలు క్యాబిన్ బండి ఆ తరగతిది. రెండు టన్నులు మోసే ఏ పికప్ అయినా ఈ గీత దాటి తీరుతుంది. గీత దాటిన బండికి ఒడిశా పర్మిట్ కావాలి. సాలూరు వైపు దిగాలంటే నేషనల్ పర్మిట్ కూడా కావాలి, దాని సమష్టి రుసుము సాలీనా 16,500 రూపాయలు. ఇది పెద్ద మొత్తమేమీ కాదు, వారానికి రెండు ట్రిప్పులు వేసే వారికి తేలికగానే గిట్టుతుంది. కానీ నేషనల్ పర్మిట్‌లో ఒక నిబంధన ఉంది, మన వాళ్లు చాలామంది దానిని పట్టించుకోరు. ఒడిశా బండి వేరే రాష్ట్రంలో ఒక ఊరిలో సరుకు ఎక్కించి అదే రాష్ట్రంలోని మరొక ఊరిలో దించకూడదు. మీరు కొరాపుట్ జిల్లా నంబరుతో విజయనగరంలో కూరగాయలు దించి, అక్కడ సిమెంటు ఎక్కించుకుని సెమిలిగుడకు రావచ్చు; దారిలో సాలూరు దుకాణానికి పది బస్తాలు దించి రావడం మాత్రం పర్మిట్ ఉల్లంఘనే. తిరుగు లోడు లెక్కలు వేసుకునేటప్పుడు ఆ సాలూరు కిరాయిని కలుపుకోకండి.

మూడు టన్నుల ప్రశ్న. వేయవచ్చునా అంటే బండి మోస్తుంది, అది నిజమే. కమాన్ పట్టీలు రెండు అదనంగా వేయించుకుని మూడు టన్నులు మోస్తున్న బండ్లను మీరూ నేనూ రోజూ చూస్తూనే ఉన్నాము. అదనపు పట్టీలు బండి నడ్డి వంగకుండా చూస్తాయి, అంతే. వాటి వల్ల బ్రేకు డ్రమ్ము పెద్దది కాదు, వెనుక హౌసింగ్ గట్టిపడదు, చక్రాల బేరింగులు మారవు, టైరు బలపడదు. టైరు పక్కన అచ్చు వేసిన అంకెను ఎప్పుడైనా చూశారా? 108 అని ఉంటే ఆ టైరు మోయగలిగినది 1,000 కిలోలు, 112 అయితే 1,120, 116 అయితే 1,250. పికప్‌కు వెనుక ఒక్కొక్క వైపు ఒక్కొక్క టైరే ఉంటుంది. రెండు టన్నుల లోడుకే వాటి లెక్క అంచు దాకా వచ్చి ఉంటుంది. ఇక జరిమానా: 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్నుకు రెండేసి వేలు; అదనపు సరుకును అక్కడే దింపించాలి కూడా. ఒక టన్ను ఎక్కువ వేసినందుకు 22,000 పోతే, ఆ టన్ను మీద మీకు వచ్చే కిరాయి ఎన్ని ట్రిప్పులకు దాన్ని పూడుస్తుందో మీరే లెక్క వేయండి. నిజంగా వారం వారం మూడు టన్నుల సరుకు ఉన్నవారు కొనవలసినది పికప్ కాదు, వెనుక జంట టైర్లు ఉన్న, అంతకంటే పెద్ద తరగతి బండి.

అన్నట్టు, సంత రోజున సరుకు మీద మనుషులను కూర్చోబెట్టడం మన వైపు ఆనవాయితీ. సరుకు యజమాని లేదా అతని మనిషి క్యాబిన్‌లో కూర్చుంటేనే బీమా వర్తిస్తుంది. ఊరికే ఎక్కిన వారికి వర్తించదు, పరిహారం భారం మీ మీద పడుతుంది. వద్దని ముఖం మీద చెప్పడం కష్టమే. అయినా చెప్పాలి.

నాన్నగారి లైసెన్సు గురించి భయపడకండి. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న సరుకు బండిని ఎల్ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చునని, విడిగా ట్రాన్స్‌పోర్టు అనుమతి అక్కరలేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. మూడు బండ్లూ ఆ హద్దుకు చాలా లోపలే ఉన్నాయి.

మీరు అమెరికా హెవీ డ్యూటీ పికప్‌ల వీడియోలు చూసి, అంతటి ఇంజను మన దగ్గర ఎందుకు లేదని రాశారు కనుక ఒక మాట. అక్కడి రామ్ 2500లో కమిన్స్ వారి 6.7 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, ఫోర్డ్ ఎఫ్-250లో 6.7 లీటర్ల వీ8 పవర్ స్ట్రోక్, షెవర్లే సిల్వరాడో 2500లో 6.6 లీటర్ల డ్యూరామాక్స్ ఉంటాయి. మూడింటి టార్క్ 1,300 న్యూటన్ మీటర్ల పైమాటే. ఆ బండ్లు తొట్టిలో సరుకు మోయడం కోసం కంటే వెనుక భారీ ట్రెయిలరు లాగడం కోసం పుట్టినవి. వాటిలో నాకు అసూయ కలిగించేది టార్క్ కాదు, ఎగ్జాస్ట్ బ్రేకు. పొగ పోయే దారిని బిగించి, ఇంజనునే బ్రేకుగా మార్చి కొండ దింపే ఆ ఏర్పాటు మన రెండు టన్నుల పికప్‌లలో రాదు. పెద్ద లారీలలో మాత్రమే చూస్తాము. అంతంత ఇంజన్లు ఉన్న దేశంలో కూడా దిగుడుకు వేరే ఏర్పాటు పెట్టుకున్నారంటే, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో చూడండి. టయోటా హైలక్స్, ఇసుజు వీ-క్రాస్ అన్న పికప్‌లు మన దేశంలో దొరుకుతాయి కానీ, అవి విలాసపు బండ్ల ధరలో ఉన్నాయి, మోసే బరువు తక్కువ. కూరగాయల వ్యాపారానికి వాటి ప్రసక్తి వద్దు.

ఫోర్ వీల్ డ్రైవ్ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది: వద్దు. అదనపు ఇరుసు, అదనపు గేరు పెట్టె వల్ల బండి బరువు పెరిగి సరుకు తగ్గుతుంది, మరమ్మతు ఖర్చు పెరుగుతుంది. యోధాలో ఫోర్ వీల్ రకం ఉన్నది కానీ అది రెండు టన్నుల రకం కాదు. నందపురం పల్లెల్లో బురదలో దిగబడేది ఖాళీ బండే, లోడు బండి కాదు. వెనుక ఇరుసు మీద నాలుగు ఇసుక బస్తాలు, తొట్టిలో ఒక పార, రెండు చెక్క పలకలు ఉంచుకుంటే వానాకాలం గడిచిపోతుంది.

ఇప్పటి బీఎస్6 కాలుష్య ప్రమాణపు డీజిల్ బండ్లలో, అంటే 2020 ఏప్రిల్ తరువాత వచ్చినవాటిలో, పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసిని బండి తనంతట తానే కాల్చుకోవాలి. అందుకు ఆగకుండా, వేడిగా, కొంతసేపు నడవాలి. జయపురం, సునాబెడ వీధుల్లో కిలోమీటరుకొకసారి ఆపి ఆపి తిప్పే బండ్లకు ఈ ఫిల్టరు పూడిపోయి డ్యాష్‌బోర్డులో హెచ్చరిక దీపం వెలుగుతుంది. మీకు వారానికి రెండుసార్లు ఘాటు ఎక్కే పని ఉంది కాబట్టి ఆ బాధ తక్కువ. అయితే దీపం వెలిగినప్పుడు మధ్యలో ఇంజను ఆపకండి. సీసాలలో, డ్రమ్ములలో అమ్మే డీజిలు పోయించకండి. ఫిల్టరు తీసి పైపు వేస్తామనే వారి మాట వినకండి. యూరియా ద్రవం పోసే ట్యాంకు ఉన్న మోడలు కొంటే ఆ ద్రవంలో నీరు కలపడం వంటి పొదుపు చేయకండి, అది ఇంజెక్టరు ధరకు వస్తుంది.

ఇటువంటి బండ్లకు మరమ్మతు అంటే స్పానరుతో పాటు కంప్యూటరు కూడా కావాలి. మునుపు ఒకసారి నా బండిలో ఒక చిన్న సెన్సారు పోయి, ఆ విడిభాగం కోసం సర్వీసు కేంద్రం ముందు నా బండి పందొమ్మిది రోజులు నిలబడింది. కంపెనీ పేరు చెప్పను, ఆ రోజుల్లో ఏ కంపెనీకైనా మన కొండ మీద అదే గతి. కిస్తీ మాత్రం నెలకు ఒకరోజు కూడా ఆలస్యం కాకుండా కట్టాను. అప్పటి నుంచి కొత్త బండి ఎంచుకునేటప్పుడు నేను చేసే మొదటి పని, సర్వీసు కేంద్రానికి వెళ్లి గేటు లోపల ఎన్ని బండ్లు ఆగి ఉన్నాయో, అవి ఎన్నాళ్లుగా ఉన్నాయో అక్కడి డ్రైవర్లనే అడగడం. షోరూము సోఫాలో కూర్చుని అడిగితే తెలియని సంగతులు అక్కడ టీ కొట్టు దగ్గర తెలుస్తాయి. ఈ విషయంలో బొలేరోకు మన జిల్లాల్లో ఎదురు లేదనే చెప్పాలి. సెమిలిగుడ నుంచి రాయగడ దాకా దాని చేయి తిరిగిన మెకానిక్కు, దాని విడిభాగం దొరకని ఊరు అరుదు, అమ్ముకునేటప్పుడు గిరాకీ కూడా దానికే. యోధా పట్టణాల వరకు ఫరవాలేదు. డీ-మాక్స్ మన శ్రీసిటీలో తయారయ్యే బండి, క్యాబిన్ సుఖం, నడక నెమ్మది మూడింటిలో దానిదే మేలని నా అనుభవం. కానీ కొండ మీద దారిలో చెడితే దానిని చూసేవాడు దొరకడం కష్టం.

ఇక మీకు ఏది తగునో చెబుతాను. మీ సరుకు ట్రిప్పుకు 1.2 టన్నుల లోపే అయితే, మూడు వేల కిలోల లోపు ఉన్న డీ-మాక్స్ మామూలు క్యాబిన్ రకం గాని, అదే హద్దులో ఉన్న మరొక పికప్ గాని తీసుకోండి, పర్మిట్ల గొడవే ఉండదు. ఆర్‌సీలో రాబోయే మొత్తం బరువు అంకెను కొటేషనులో రాయించుకున్న తరువాతే అడ్వాన్సు ఇవ్వండి. 1.7 నుంచి రెండు టన్నులు నిజంగానే ఉంటే పోటీ బొలేరో హెచ్‌డీకి, యోధా 2.0కి మధ్యనే. మీ డబ్బులో ఎక్కువ భాగం పైకి తెచ్చే సిమెంటు మీద వచ్చేటట్టయితే యోధా. నలభై బస్తాలతో మలుపులో ఆగి కదలడం దానికి తేలిక. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ ఆదాయం దింపే కూరగాయల మీద, పల్లెల కిరాయి మీద ఉంది. కూరగాయలకు బరువు కంటే చోటు ముఖ్యం. బొలేరో హెచ్‌డీ పొడుగు రకానికి పది అడుగుల తొట్టి వస్తుంది. పల్లెలో చెడితే బాగుచేసేవాడూ ఉంటాడు. కాబట్టి మీ స్థానంలో నేనుంటే బొలేరో హెచ్‌డీ తీసుకుంటాను, రెండు టన్నుల రకమే, కానీ అందులో పదిహేడు వందల కిలోలకు మించి వేయను.

ధర విషయానికి వస్తే, సరుకు బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అందువల్ల రెండు మూడేళ్ల పాత బండికి అంతకు ముందు అడిగిన ధరే ఇప్పుడూ అడిగితే ఒప్పుకోకండి.

కొనే ముందు రెండు పనులు చేయండి. పాత బండి ఇంకా మీ దగ్గరే ఉంది కనుక ఒక నెల పాటు ప్రతి ట్రిప్పుకు కాటా వేయించి చీట్లు దాచండి. మీరు అనుకుంటున్న రెండు టన్నులు పద్నాలుగు వందలే కావచ్చు, లేదా ఇరవై ఆరు వందలు కావచ్చు. తరువాత షోరూము వారిని లోడుతో నడిపి చూపించమని పట్టుబట్టండి. ఖాళీ బండిని సునాబెడ చదును రోడ్డు మీద తిప్పి చూపిస్తే సంతోషించకండి. పొట్టంగి దాటి ఘాటులోకి దింపి, ఎక్కేటప్పుడు ఏ గేరు వేస్తారో దిగేటప్పుడూ అదే గేరులో దించమనండి. కింద ఆగాక పెడలు పైన ఉన్నప్పటి లోతులోనే పట్టుకుంటున్నదా చూడండి. ఆపైన నాలుగు చక్రాల దగ్గర, దేన్నీ తాకకుండా, జానెడు దూరంలో చేయి పెట్టండి. ఒక చక్రం దగ్గర వేడి మిగతా మూడింటి కంటే బాగా ఎక్కువగా తగిలితే ఆ బ్రేకు సర్దుబాటు కుదరలేదన్నమాట. డెలివరీకి ముందే సరిచేయించుకోండి.